మాట్లాడకూడని రోజుల్లో జమ్ము

జూన్ 24, మంగళవారం

మాట్లాడకూడదు. గుసగుసలు అసలే కూడదు, అవి మామూలు మాటకంటే చేటట. గొంతు సవరించుకోకూడదు. కారం తగ్గించాలి. గుంటూరు జిల్లాలో ప్రాక్టీసు పెట్టుకుని ఈ చివరి మాట అనడానికి డాక్టరు గారికి మనసెలా వచ్చిందో.

ఆపరేషన్ నిన్న పొద్దున బ్రాడీపేటలో అయింది. స్వరతంత్రి మీద పెసరగింజంత కాయ. తీసేశారు. పదిహేను రోజులు పూర్తిగా మౌనం, తర్వాత నెల రోజులు రోజుకు పది నిమిషాలకు మించకుండా మాట్లాడాలి, ఆపైన గొంతు ఎలా ఉంటుందో అప్పుడు చూద్దాం అన్నారు. తీసిన దాన్ని పరీక్షకు పంపారు. రిపోర్టు పది రోజుల్లో వస్తుందట. అందరివీ పంపుతారట, మామూలేనట. నాకేం భయం లేదు.

పదహారేళ్ళుగా హైస్కూల్లో బయాలజీ చెబుతున్నాను. ఫ్యాను చప్పుడు, పక్క క్లాసు చప్పుడు, రోడ్డు మీద పత్తి లారీల చప్పుడు, అన్నిటినీ దాటి ఆఖరి బెంచీకి వినబడాలి. ఆదివారం చర్చి క్వయర్‌లో మొదటి గొంతు కూడా నాదే. కాయ రాకేం చేస్తుంది.

మా ఆయన ప్రసన్నకుమార్ మిల్లు నుంచి వస్తూ చిలకలూరిపేటలో ఈ నోటుబుక్కు కొనుక్కొచ్చాడు. చెప్పాలనుకున్నవన్నీ ఇందులో రాసుకో, నేను చదవనులే అన్నాడు. ఆ చదవకపోవడంలో ఎంత హాయి ఉందో మొహంలో దాచుకోలేకపోయాడు.

జూన్ 26, గురువారం

అత్తమ్మకి చదువు రాదు. పెళ్ళయిన పద్నాలుగేళ్ళ నుంచీ ఈ సంగతి తెలుసు. ఈ రెండు రోజుల్లో తెలిసినంతగా ఎప్పుడూ తెలియలేదు. ఆయన మిల్లుకి వెళ్ళాక ఇంట్లో మేమిద్దరమే. నేను పలక మీద రాసి చూపిస్తాను. మా అత్తమ్మ కొండమ్మ గారు పలక అందుకుని, శుభ్రంగా తుడిచి, తిరిగి నా చేతికి ఇస్తుంది. పిల్లలకి మాసిన పలక ఇవ్వకూడదన్నట్టు.

పప్పులో ఉప్పు తక్కువైందని సైగ చేస్తే నిమ్మకాయ తెచ్చింది. కాదంటే మజ్జిగ తెచ్చింది. చివరికి లేచి వెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చుకున్నాను. "అదేదో ముందే చెప్పొచ్చుగా" అంది.

చూడ్డానికి వచ్చిన వాళ్ళందరూ నాతో గట్టిగా అరిచి మాట్లాడుతున్నారు. నోరు పోతే చెవులు కూడా పోతాయని ఎవరు చెప్పారో.

జూన్ 28, శనివారం

చర్చి గోడా మా ఇంటి గోడా ఒకటే. సాయంత్రం ప్రాక్టీసు. నా చోట షారోన్‌ని నిలబెట్టారు. షారోన్ నా దగ్గరే పదో తరగతి చదివింది, ఇప్పుడు మా ఊరి సచివాలయంలో పనిచేస్తోంది. మంచి పిల్ల.

డాక్టరు గారు వాకింగ్ మంచిదన్నారు కదా. చెరువు దాకా వెళ్ళొచ్చాను. వాకింగ్ కోసమే.

జూన్ 29, ఆదివారం

షారోన్ బాగానే పాడింది. రెండో చరణంలో శ్రుతి కొంచెం తప్పింది. ఎవరూ గమనించినట్టు లేదు.

జూన్ 30, సోమవారం

మళ్ళీ వాకింగ్. ఇవాళ ప్రాక్టీసు లేదు, అయినా వెళ్ళాను.

మంచినీళ్ళ చెరువు సగానికి పైగా జమ్ము గడ్డితో నిండిపోయింది. ఊరంతా తాగే నీళ్ళు ఇవే. ఇంతకాలం ఈ గట్టు మీద బండి మీద వెళ్ళడమేగానీ దిగి చూసిందే లేదు. తొమ్మిదో తరగతికి మొక్కల ప్రత్యుత్పత్తి చెప్పినప్పుడల్లా మందార పువ్వే కోసుకెళ్ళాను. కిలోమీటరు దూరంలో ఇంత పెద్ద పాఠం పెట్టుకుని.

నీళ్ళు బాగా తగ్గాయి. కిందటేటి పూత కండెలు గోధుమరంగులో ఎండి పగిలి, గాలి తగిలినప్పుడల్లా దూది వదులుతున్నాయి. గట్టు మీద నా చీరంతా అదే. ఎవరూ విత్తకుండా, మందు కొట్టకుండా మా ఊళ్ళో కాసే పత్తి ఇదొక్కటే. ఒక్కో కండెలో రెండు లక్షల గింజలుంటాయి. అన్నీ మొలవవు. లోతు నీళ్ళలో పడ్డవి పనికిరావు. అంచున, అంగుళం రెండంగుళాల నీళ్ళు నిలిచిన బురదలో, ఎండ తగిలే చోట పడ్డవే మొలుస్తాయి. వంగి చూస్తే గరిక పరకల్లా వందల మొలకలు. వీటిలో ఒక్కటి నిలదొక్కుకున్నా చాలు, ఆపైన గింజతో పని లేదు. బురదలో పసుపుకొమ్ము లాంటి కొమ్ము పాకించుకుంటూ, గణుపు గణుపుకీ ఒక పిలక లేపుతూ, ఏడాదిలో గదంత మేర ఆక్రమిస్తుంది.

వంగి చూస్తుండగా వెనక నుంచి పెద్ద కేక. నీటి సంఘం ప్రెసిడెంటు యలమందయ్య గారు. ఆయన పలకరింపే అంత, పొలంలో మిరపకాయలు కోసే వాళ్ళని గట్టు మీద నుంచి పిలిచి పిలిచి అలవాటు. పొక్లెయిన్ మాట్లాడానని, కాలవ నీళ్ళు వచ్చేలోగా చెరువు మొత్తం పెళ్ళగించేస్తామని చెప్పారు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన అది మెడనొప్పి అనుకుని జాగ్రత్తగా ఉండమన్నారు.

మూడేళ్ళ కిందట కూడా మెషీను పెట్టారు. అది కొమ్ముల్ని ముక్కలు ముక్కలుగా నరికి చెరువంతా చల్లింది. ప్రతి ముక్కా ఒక మొక్కయింది. అడుగున ఉన్న రేగడి పొర కూడా లేచిపోయి ఆ ఏడాది నీళ్ళు నిలవక, మార్చి కల్లా చెరువు ఎండింది. ట్యాంకర్ల ముందు బిందెలు పెట్టుకుని తిట్టుకున్నాం. ఇవన్నీ ఆయనకి చెప్పాలి. పలక ఇంట్లో ఉంది.

జులై 1, మంగళవారం

అత్తమ్మ కూడా నాతో వచ్చింది. కోడలు ఒక్కతే చెరువు గట్టున నిలబడి బురదలోకి చూస్తోందని ఎవరో చెప్పారట.

ఆవిడకి ఆ చెరువు నాకంటే ఎన్నో రెట్లు తెలుసు. పెళ్ళికి ముందు వాళ్ళమ్మతో కలిసి జమ్ము కోసి చాపలు అల్లేదట. కళ్ళాల్లో మిరపకాయలు పోయడానికి రైతులు ఆ చాపలే తీసుకెళ్ళేవారట. ప్లాస్టిక్ పట్టాలు వచ్చాక ఎవరూ అడగడం మానేశారు. చెబుతూ చెబుతూ చీర ఎగ్గట్టి బురదలోకి దిగి, ఒక మొక్కని పట్టుకుని ఎక్కడ కొయ్యాలో చూపించింది. నీళ్ళకి జానెడు పైన.

ఇంకా కిందకి కోస్తే పొడుగాకు వస్తుంది కదా అని సైగ చేశాను. ఈ సైగ మాత్రం ఎలాగో అర్థమైంది.

"నీళ్ళ కింద కొయ్యకూడదమ్మాయ్. కోస్తే చచ్చిపోద్ది. మళ్ళీ ఏడాదికి జమ్మే ఉండదు. మా అమ్మ చేతిమీద కొట్టేది, పైన కొయ్యవే అని."

నేను ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాను. ఎందుకో ఆవిడకి తెలియలేదు. బురద అంటుకుంటదని చేతులు విడిపించుకుంది.

జమ్ము ఆకు లోపల ఖాళీ గదులుంటాయి. ఊపిరి పైన ఆకు పీల్చి కిందికి పంపుతుంది. బురదలో గాలి ఉండదు కాబట్టి కొమ్ముకి అదే ఆధారం. నీళ్ళ కింద కోస్తే కొమ్ముకి ఊపిరాడదు. పుస్తకంలో చదివి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకున్న ముక్క. ఆవిడ చేతి మీద దెబ్బ తిని నేర్చుకుంది.

జులై 2, బుధవారం

నీళ్ళ కింద కోస్తే జమ్ము చస్తుందని కళ్ళముందు పెట్టి చూపించకపోతే యలమందయ్య గారు నమ్మరు. బట్టలు నానబెట్టే రెండు టబ్బులు తీసుకున్నాను. రెండింటిలోనూ చెరువు బురద, ఒక్కోదానిలో కొమ్ముతో పెకిలించిన మూడేసి మొక్కలు. మొదటి టబ్బులో నీళ్ళ పైన కోశాను. రెండో దానిలో కింద కోసి, మోళ్ళ మీద జానెడు నీళ్ళు నింపాను.

ఇక బట్టలు ఎందులో నానబెట్టాలని అత్తమ్మ అడిగింది. వినబడనట్టు ఊరుకున్నాను. ఈ మధ్య నాకు ఈ సౌకర్యం బాగా అలవాటైంది.

జులై 3, గురువారం

రిపోర్టు ఇవాళ రావాలి. రాలేదు. నాకేం భయం లేదు. మొదటి టబ్బులో ఒక మోడు నుంచి అర అంగుళం ఆకుపచ్చ పైకొచ్చింది.

జులై 4, శుక్రవారం

ఫోన్ రాలేదు. టబ్బులో నీళ్ళు నాలుగుసార్లు కొలిచాను.

జులై 5, శనివారం

వచ్చింది. ఏమీ లేదు. మామూలు కాయే, ఎక్కువ అరవడం వల్ల వచ్చిందే.

ఆయన ఫోన్ పట్టుకుని వరండాలో నిలబడి చెప్పాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే గొంతుకి మంచిది కాదని ఆపుకోబోయాను, ఆగలేదు. చప్పుడు లేకుండా ఏడవడం ఎంత కష్టమో ఇవాళే తెలిసింది. అత్తమ్మ హడావుడిగా వచ్చి, రిపోర్టులో ఏదో చెడు వచ్చిందనుకుని తనూ మొదలుపెట్టింది, చప్పుడుతోనే. ఆయన మా ఇద్దరి మధ్యా నిలబడి బాగానే ఉంది, బాగానే ఉంది అని ఇరవైసార్లయినా అనుంటాడు.

భయం లేదని ఈ పుస్తకంలో ఎన్నిసార్లు రాశానో వెనక్కి తిప్పి చూసుకున్నాను. భయం లేని మనిషి అన్నిసార్లు రాయదు.

రాత్రి అన్నంలో గోంగూర పచ్చడి, రెండు ముద్దలు. డాక్టరు గారు క్షమించాలి.

జులై 8, మంగళవారం

పదిహేను రోజులు అయ్యాయి. మొదటి మాట ఏం మాట్లాడాలా అని నిన్నంతా ఆలోచించాను. పొద్దున హాల్లో నిలబడి "అత్తమ్మా" అన్నాను.

వంటింట్లోంచి "ఎవరూ?" అంది.

పాత ఇనప గేటు తీసినట్టుంది గొంతు. రెండు మెట్లు కిందికి దిగిపోయింది. అత్తమ్మ బయటికొచ్చి నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత, ఫరవాలేదు, మా మామ గొంతు కూడా ఇట్టాగే ఉండేది, మంచి మనిషి అంది.

బాగానే ఉంటుంది. డాక్టరు గారు మూడు నెలలు పట్టొచ్చన్నారు.

జులై 13, ఆదివారం

చర్చికి వెళ్ళాను. పాట గురించి రాయను.

మొదటి టబ్బులో మూడు మొక్కలూ మోచెయ్యంత పెరిగాయి, పక్కన ఒక కొత్త పిలక కూడా లేచింది. రెండో దానిలో ఏమీ లేదు. నీళ్ళు కొంచెం కంపు కొడుతున్నాయి. ఆయన మొహం చిట్లించాడు. ఆ కంపు మన గెలుపు అని చెప్పాను. ఇవాళ్టి పది నిమిషాల్లో ఆ మాటకి ఖర్చయింది మూడు సెకన్లు. వాటికి విలువుంది.

జులై 16, బుధవారం

లస్కర్ సుభానీ గారు చెప్పారు, ఆగస్టు ఐదుకి మా కాలవకి నీళ్ళు వదులుతారట. గేట్ల దగ్గర పనిచేసే మనిషి, ఆయన మాట నమ్మొచ్చు. పొక్లెయిన్ విషయం ఖాయం చేయడానికి ఆదివారం సాయంత్రం సచివాలయం దగ్గర మీటింగు. అంటే కోత పెట్టుకోవాలంటే మాకు రెండు వారాలే. ఇప్పుడు చెరువులో నీళ్ళు మోకాలి కిందే. బురదకి జానెడు పైన కోసి పెట్టామంటే, కాలవ వచ్చాక ఆ మోళ్ళు నిలువెత్తు నీళ్ళలో మునిగిపోతాయి. కాలవ రావడం ఆలస్యమైతే మాత్రం మోళ్ళన్నీ మళ్ళీ చిగురుస్తాయి, ఊరంతా నన్ను చూసి నవ్వుతుంది.

జులై 18, శుక్రవారం

చెప్పాల్సినదంతా రాశాను, నాలుగు పేజీలు. చదవాలంటే పావుగంట పడుతుంది. మీటింగులో ఫ్యాన్లు, బండ్లు, యలమందయ్య గారు. నా గొంతు మొదటి వరస దాకా కూడా వెళ్ళదు.

ఎవరో ఒకరు చదవాలి. మా ఆయనకి ఆరోజు షిఫ్టు. పొద్దున నుంచి ఇంకెవరు, ఇంకెవరు అని ఆలోచిస్తూ కూర్చున్నాను. ఊళ్ళో స్పష్టంగా, గట్టిగా, తడబడకుండా చదివే మనిషి ఎవరో నాకు పొద్దున్నే తెలుసు. సాయంత్రానికి వెళ్ళాను.

షారోన్ కాగితాలు అందుకుని, అక్కడే నిలబడి మొత్తం చదివి, ఇందులో మూడో పేజీ అక్కర్లేదు టీచర్ అంది. నిజమే, అక్కర్లేదు.

జులై 20, ఆదివారం

వివరంగా రాయాలి.

టబ్బులు రెండూ ఆటోలో వేసుకుని వెళ్ళాం, అత్తమ్మా నేనూ. దారి పొడుగునా కంపు. నీళ్ళు ఒలికి ఆటో అతని కాళ్ళు తడిశాయి, అత్తమ్మ అతనికి జమ్ము గురించి చెబుతూ వచ్చింది.

యలమందయ్య గారు ముందే అన్నారు, మెషీను మాట్లాడేశాం, ఇక మాటలెందుకని. షారోన్ లేచి నిలబడి, ఒక్క ఐదు నిమిషాలు బాబాయి గారూ అంది. మూడేళ్ళ కిందట మెషీను పెడితే ఏమైందో చదివింది, కొమ్ము ముక్కల సంగతి, మార్చిలో ఎండిన చెరువు సంగతి. ఆడవాళ్ళ వైపు నుంచి అవునవునన్నారు. ట్యాంకరు దగ్గర నిలబడ్డది వాళ్ళే కదా. తర్వాత నీళ్ళ కింద కోత సంగతి చదివింది. నా వాక్యాలే. నేను రాసినప్పటికంటే బాగున్నాయి.

యలమందయ్య గారు కుర్చీలో వెనక్కి వాలారు.

"కాయితం మీద అన్నీ బాగుంటయ్యమ్మా. నలభై ఏళ్ళ నుంచి యవసాయం చేస్తన్నా. గడ్డి కోస్తే చచ్చిద్దా ఎక్కడన్నా? కోసే కొద్దీ పెరిగిద్ది."

అప్పుడు నేను లేచి టబ్బుల దగ్గరికి రమ్మని సైగ చేశాను. ఆయన వచ్చారు, వెనకే సగం మంది. మొదటి టబ్బులో జమ్ము ఆయన నడుము దాకా ఉంది. లాగి చూడమన్నాను. రాలేదు. రెండో టబ్బులోకి చెయ్యి పెట్టమన్నాను. మోడుని రెండు వేళ్ళతో పట్టుకోగానే కుళ్ళిన అరటి తొక్కలా ఊడి చేతిలోకి వచ్చింది. కొమ్ముని నొక్కితే నల్లటి రసం. ఆయన మిగతా రెండూ తీశారు. అవీ అంతే.

ఎవరూ ఏమీ అనకముందే అత్తమ్మ మాట్లాడింది. మైకు వద్దంది, ఆవిడకి అక్కర్లేదు కూడా.

"నేను చిన్నప్పుడు ఈ చెరువులోనే కోసినా అయ్యా. చాప మాకు కూడు పెట్టింది. అందుకని చావకుండా కోసేవోళ్ళం. ఇప్పుడు చావాలంటున్నారు గదా, ఎట్టా చచ్చిద్దో కూడా మాకే తెలుసు. మెషీనుకి తెల్వదు."

యలమందయ్య గారు చేయి వాసన చూసుకుని, మొహం తిప్పుకుని, తువ్వాలతో తుడుచుకున్నారు. నీళ్ళు చెప్పిన రోజుకి రాకపోతే ఏంటని నన్ను అడిగారు.

నా సొంత గొంతుతో ఒక్క మాట అన్నాను. "రాకపోతే మళ్ళీ కోస్తామండి."

ఆ గొంతు విని ఆయన నా వంక ఒక్క క్షణం చూశారు. సరే, ఉపాధి పని కింద పెట్టండి, మెషీనోడికి నేను చెప్పుకుంటా అన్నారు.

అత్తమ్మ ఇంకో షరతు పెట్టింది. కాలవ నీళ్ళు పడే ఈశాన్యం మూల కొయ్యకూడదు. అక్కడ నీటికోళ్ళు గూళ్ళు పెట్టుకున్నాయి, పైగా కాలవ బురద నీళ్ళు ఆ జమ్ములోంచి వస్తే వడకట్టినట్టు వస్తాయి. మొత్తం చంపడమేంటి, చెరువన్నాక కొంచెం ఉండాలి అంది. అందరూ ఒప్పుకున్నారు.

జులై 23, బుధవారం

నలభై ఇద్దరు ఆడవాళ్ళు, కొడవళ్ళు. ముందు అత్తమ్మ, ఎక్కడ కొయ్యాలో చేత్తో చూపిస్తూ. అలవాటు కొద్దీ ఆవిడే రెండుసార్లు పైన కోసింది, తనని తానే తిట్టుకుంది.

నేను గట్టు మీద మజ్జిగ పోయడం, సున్నం డబ్బా కాపలా కాయడం. జలగలు పట్టిన చోట రాయడానికి సున్నం.

జులై 27, ఆదివారం

చర్చి అయ్యాక కూడా కొంతమంది కోతకి వెళ్ళారు. యలమందయ్య గారు రోజూ రెండుసార్లు వచ్చి, ఒక మోడు ఎంచుకుని, చిగురు వేసిందేమో వంగి చూసి వెళుతున్నారు. మొదట కోసిన చోట రెండంగుళాలు చిగురొచ్చింది. ఆయన దాన్ని వేలితో కొలిచి, ఆ వేలు నాకు చూపించి వెళ్ళారు.

జులై 30, బుధవారం

ఇంకా నాలుగో వంతు ఉంది. ఐదు దాకా సమయం ఉంది. సరిపోతుంది.

ఆగస్టు 1, శుక్రవారం

సరిపోలేదు.

పొద్దున ఏడింటికి సుభానీ గారి ఫోను. పైన వానలు పడ్డాయట, అనుకున్న దానికంటే ముందే గేట్లు ఎత్తారట, మధ్యాహ్నానికి నీళ్ళు మా తూముకి వస్తాయట. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. కోసిన జమ్ముకి ఇదే కావాలి. కొయ్యని జమ్ముకి ఇదే వద్దు.

షారోన్ సచివాలయం మైకులో చెప్పింది. అరగంటలో ఊరు ఊరంతా గట్టు మీద ఉంది. ఉపాధి పేరు లేని వాళ్ళు కూడా, మిరప నారు పోయడానికి బయల్దేరిన వాళ్ళు దారి మళ్ళించుకుని. మా ఆయన రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడు వచ్చినట్టే ప్యాంటు మడిచి దిగాడు. కొడవలి పట్టుకోవడం వాళ్ళమ్మ నేర్పింది, ఆయన నలభై ఐదో ఏట.

పన్నెండున్నరకి తూములోంచి ఎర్రటి నీళ్ళు. మొదట పాము పాకినట్టు సన్నగా, తర్వాత చెరువంతా పరుచుకుంటూ. మోకాళ్ళు, తొడలు. కోసిన మోళ్ళు ఒక్కోటే కళ్ళముందే మునిగిపోయాయి. చూస్తుంటే ఎంత బాగుందో. కానీ ఇంకా యాభై గజాల మేర జమ్ము నిలబడే ఉంది, నీళ్ళలోకి వంగి, తడుముకుంటూ కొయ్యాలి. ఎక్కడ కోస్తున్నామో కనబడదు.

అప్పుడు యలమందయ్య గారు చొక్కా విప్పి గట్టు మీద పెట్టి, వాచీ నా చేతికిచ్చి దిగారు. అత్తమ్మ పక్కకి వెళ్ళి నిలబడ్డారు.

"ఎక్కడ కొయ్యాలో చెప్పు కొండమ్మా."

"అడుగుకి చెయ్యి పోనీ. బురద తగిల్నాక జానెడు పైకి రా. అక్కడ."

నలభై ఏళ్ళుగా ఆయన పొలంలో కూలికి వెళ్ళిన మనిషి చెప్పింది, ఆయన చేశారు. మూడున్నరకి ఆఖరి జమ్ము నరికి, ఎత్తి చూపించి, గట్టు మీదకి విసిరారు. ఒళ్ళంతా జలగలు. సున్నం నేనే రాశాను.

ఈశాన్యం మూల మాత్రం పచ్చగా, నిటారుగా. నీటికోడి ఒకటి ఆ సందడంతా విని విని విసుగొచ్చినట్టు బయటికొచ్చి చూసి మళ్ళీ లోపలికి పోయింది.

ఇవాళ నేను పది నిమిషాలకంటే ఎక్కువే మాట్లాడి ఉంటాను. ఎక్కువేం కాదు.

ఆగస్టు 2, శనివారం

గొంతు నొప్పి. ఎక్కువే మాట్లాడాను.

ఆగస్టు 9, శనివారం

పడమటి ఒడ్డున ఆకుపచ్చ ముళ్ళు. అక్కడ చెరువు పల్లం తక్కువ, మోళ్ళ మీద నీళ్ళు నాలుగు వేళ్ళే నిలిచాయి. చిగుళ్ళు నీళ్ళు దాటి పైకొచ్చేశాయి. ఒకసారి గాలి అందిందా, ఇక చావదు.

నీళ్ళు ఎంత ఎత్తుకి వస్తాయో ఆ ఒడ్డున నేను కొలవలేదు. తప్పు నాదే. యలమందయ్య గారికి నేనే వెళ్ళి చెప్పాను. ఆయన అరుస్తారనుకున్నాను. మీరు మీటింగులో ఏమన్నారు, మళ్ళీ కోస్తామన్నారుగా, కోద్దాం పదండి అన్నారు. పన్నెండు మంది, ఒక్క పూట. ఈసారి బురద మట్టానికి కోశాం. కాలవ నీళ్ళు ఇంకా వస్తున్నాయి, పది రోజుల్లో ఇంకో అడుగు పెరుగుతుందని సుభానీ గారు చెప్పారు.

ఆగస్టు 17, ఆదివారం

ప్రాక్టీసులో ప్రయత్నించాను. పాత చోట గొంతు పైకి పోలేదు. సగంలో విరిగిపోయింది. ఎవరూ నావైపు చూడకుండా ఉండటానికి అందరూ చాలా కష్టపడ్డారు.

షారోన్ వచ్చి పక్కన కూర్చుంది. ఈ పాటకి కింద గొంతు పాడే వాళ్ళు మనకెప్పుడూ లేరు టీచర్, మీరు మొదలుపెడితే బాగుంటుంది అంది. జాలి పడుతోందేమో అనుకుని మొహం చూశాను. లేదు. రాగం గురించే ఆలోచిస్తోంది. పాడాను. కింది గొంతులో ఆ పాట నాకు అసలు తెలియని పాటలా ఉంది. పైనున్నప్పుడు నాకు నేనే వినబడేదాన్ని. ఇవాళ అందరూ వినబడ్డారు.

ఒక మాట ఇక్కడ రాసి పెట్టాలి. జూన్ 29న షారోన్ శ్రుతి తప్పలేదు.

ఆగస్టు 22, శుక్రవారం

యలమందయ్య గారు తెప్ప మీద చెరువు మధ్యకి తీసుకెళ్ళారు. వెదురు కర్రతో పొడిచి చూశాం, పాతిక చోట్ల. మోళ్ళు ఊడి తేలుతూ పైకి వస్తున్నాయి, నల్లగా, మెత్తగా. పడమటి ఒడ్డున కూడా పచ్చ లేదు. వాటిని ఏరి గట్టెక్కించే పని రెండ్రోజులట. చెరువు ఈ చివర నుంచి ఆ చివరికి నీళ్ళే. ఇంత పెద్ద చెరువు మాకుందని మర్చిపోయాం.

వచ్చే ఏడు అంచున మళ్ళీ మొలకలు వస్తాయి, గింజలు బురదలో ఏళ్ళ తరబడి ఉంటాయని చెప్పాను. రానీ, మనమూ ఇక్కడే ఉంటాంగా అన్నారాయన.

ఆగస్టు 28, గురువారం

సోమవారం నుంచి స్కూలుకి వెళుతున్నాను. రోజుకు రెండు పీరియడ్లే. ఇవాళ తొమ్మిదో తరగతిని చెరువు దగ్గరికి తీసుకెళ్ళాను, ఈశాన్యం మూలకి. జమ్ము పూతకొచ్చింది. పాఠం నేను చెప్పలేదు. అత్తమ్మని రమ్మన్నాను. రానంది. పొద్దున చూస్తే ఉతికిన చీర కట్టుకుని తయారుగా ఉంది.

మొదట ఐదు నిమిషాలు ఏం మాట్లాడాలో తెలియక కొంగు సర్దుకుంది. తర్వాత ఒక కండె వంచి పిల్లలకి అందించింది.

"ఇది చూడండి. పైన సన్నగా ఉండేది మగది, కింద లావుగా ఉండేది ఆడది. ఒకే కాడ మీద కాపరం. మగది ఈ పసుపు దులిపేసి ఎండి రాలిపోద్ది. దాని పని అంతే. ఆడది నిలబడి బరువెక్కిద్ది."

పిల్లలు పగలబడి నవ్వారు. ఆవిడ కండె తట్టింది, పసుపు పొడి గాల్లో లేచి ముందు వరస వాళ్ళ యూనిఫారాల మీద పడింది. ఆ పొడి గాలికి ఎందుకు ఎగరాలి, పురుగులు ఎందుకు అక్కర్లేదు, గింజకి దూది ఎందుకు, లోతు నీళ్ళలో గింజ ఎందుకు మొలవదు, కొమ్ము ఎటు పాకుతుంది. అన్నీ చెప్పింది, ఒక్క పుస్తకం మాట లేకుండా. బురదలో చెయ్యి పెట్టించి కొమ్ము గణుపులు లెక్క పెట్టించింది. నేను ఆఖరి వరసలో పిల్లల మధ్య కూర్చున్నాను. మధ్యలో రెండుసార్లు సరిదిద్దాలనిపించింది. రెండుసార్లూ ఆగి చూస్తే ఆవిడ చెప్పిందే సరైంది.

గంట అయ్యాక పిల్లలందరూ అలవాటు ప్రకారం లేచి నిలబడి, ఒకే గొంతుతో థాంక్యూ మేడం అన్నారు.

అత్తమ్మ గబగబా పక్కకి జరిగి, మేడం ఎవరొచ్చారా అని వెనక్కి తిరిగి చూసింది.